రాజు కోసం పుట్టి, మైదానం చేరిన పాట

(బి.యస్సీ., తృతీయ సంవత్సరం)

అర్ధరాత్రి పన్నెండున్నరకి మా హాస్టల్లో ఎవరైనా మేలుకుని ఉన్నారంటే కారణాలు రెండే. తెల్లారితే పరీక్ష అయినా ఉండాలి, లేకపోతే యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయినా ఉండాలి. రెండూ ఒకే రాత్రి వచ్చిన సందర్భాలు కూడా లేకపోలేదు. ఆ రాత్రుల గురించీ, తర్వాత వచ్చిన మార్కుల గురించీ ఈ సంచికలో రాయడం క్షేమం కాదు కనుక వదిలేస్తున్నాను.

ఒకే ఫోను, దాని చుట్టూ ఏడెనిమిది తలకాయలు. ఆటగాళ్లు రెండు వరసల్లో వచ్చి నిలబడతారు. మైదానం మధ్యలో నక్షత్రాల బంతి బొమ్మ వేసిన పెద్ద గుడ్డని చుట్టూ పట్టుకుని ఊపుతూ ఉంటారు. అప్పుడు మొదలవుతుంది ఆ సంగీతం. ముందు వయొలిన్లు మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతాయి. ఆ తర్వాత వందమంది ఒక్క గొంతుతో పాడినట్టు బృందగానం అందుకుంటుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఆఫ్‌సైడ్ రూలు ఈనాటికీ సరిగ్గా అర్థం కాలేదు. ఆ పాట కోసమే కూర్చునేవాణ్ణి. అది అయిపోయాక మొదటి అరగంటలోనే నిద్రపోయిన రాత్రులు కూడా ఉన్నాయి.

ఒక రాత్రి పక్కగది మిత్రుడు పెదవి విరిచాడు. ఇది సొంత సరుకు కాదనీ, ఏదో పాత చర్చి పాటని కొట్టేసి డబ్బు కోసం కట్టిన కాపీ అనీ, దీనికి ఒళ్లు జలదరించడమేమిటనీ తేల్చేశాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. డబ్బు తీసుకుని, ఎవరో అడిగితే, ఫలానా తేదీకి అందించాలని కట్టిన పాట గొప్పది కాకూడదా? మర్నాడు మా ఇంగ్లీషు మాస్టారిని అడిగితే, ఆయన ఆ వయొలిన్లు రెండు క్షణాలు విని, ఇది హాండెల్ అన్నారు. అంతే చెప్పి, మిగతాది లైబ్రరీలో చూసుకోమన్నారు. చూసుకున్నాను. చూసుకున్నది మీతో చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టాడు. అప్పటికి తండ్రికి అరవై దాటిపోయాయి. ఆయన క్షౌరవైద్యుడు. ఆ రోజుల్లో ఆ దేశాల్లో గడ్డం గీసే కత్తి పట్టినవాడే పుళ్లు కోసి కట్టు కట్టేవాడు కూడా. ఆ కత్తితోనే ఆయన సంస్థానాధీశుల దగ్గర శస్త్రవైద్యుడి హోదాకి ఎదిగాడు. కష్టపడి పైకి వచ్చిన ఏ తండ్రికైనా ఉండే కోరికే ఆయనకీ ఉంది: కొడుకు న్యాయశాస్త్రం చదివి, నలుగురిలో గౌరవంగా నాలుగు రాళ్లు సంపాదించుకోవాలి. సంగీతం కూడు పెట్టదని ఆయన గట్టి నమ్మకం. వాద్యం అన్నది ఇంట్లోకి రానివ్వలేదు. హాండెల్ పోయిన మరుసటి ఏడే, అంటే 1760లో, జాన్ మెయిన్‌వేరింగ్ రాసిన జీవిత చరిత్రలో ఒక కథ ఉంది. ఆ కుర్రాడు చప్పుడు తక్కువ చేసే చిన్న క్లావికార్డ్ వాద్యాన్ని ఎలాగో అటక మీదికి చేర్పించుకుని, ఇంట్లో అందరూ నిద్రపోయాక ఎక్కి వాయించుకునేవాడట.

అటక అన్న మాట దగ్గర నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. మా ఇంటి అటక మీద ఒక హార్మోనియం ఉంది. మా నాన్న కుర్రతనంలో పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. రాత్రంతా నాటకం, పగలంతా నిద్ర. ఊడ్పుల వేళ కూడా మనిషి పొలంలో కనపడకపోయేసరికి తాత ఒక రోజు ఏమీ మాట్లాడకుండా దాన్ని గోనెపట్టాలో చుట్టి అటక ఎక్కించాడట. మా తాతని నేను తప్పు పట్టను. మూడెకరాల మాగాణి, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు. హాలెలోని ఆ ముసలి వైద్యుణ్ణి కూడా తప్పు పట్టలేను. జీవిత చరిత్రల్లో ఇలాంటి తండ్రులని దుర్మార్గుల్లా చూపిస్తారుగాని, ఆకలి రుచి చూసినవాడికి కొడుకు చేతిలో వాద్యం కనపడితే భయం వేస్తుంది.

హాండెల్ అదృష్టమేమంటే, తండ్రితో కలిసి ఒకసారి వైసెన్‌ఫెల్స్ ప్రభువు కోటకి వెళ్లినప్పుడు అక్కడి చర్చిలో ఆర్గన్ వాయించాడు. ప్రభువు విన్నాడు. ఇలాంటి పిల్లవాడికి సంగీతం నేర్పించకపోవడం తగదని తండ్రికి చెప్పాడు. ప్రభువు మాట కాదనలేక తండ్రి తలవంచాడు. హాలెలోనే జాఖో అనే ఆర్గన్ విద్వాంసుడి దగ్గర శిష్యరికం కుదిరింది. జాఖో పాఠం చెప్పే పద్ధతి నాకు నచ్చింది: ఇతర సంగీతకర్తల రచనలని కుర్రాడిచేత చేత్తో ఎత్తి రాయించేవాడు. మా ల్యాబ్ రికార్డుల్లాగే అనుకోండి. తేడా ఏమిటంటే హాండెల్ రాస్తున్నది ఏమిటో చూసి రాశాడు.

1697లో తండ్రి పోయాడు. అయినా 1702లో హాండెల్ హాలె విశ్వవిద్యాలయంలో చేరాడు. మరుసటి ఏడే మూట కట్టుకుని హాంబర్గ్ వెళ్లిపోయి, అక్కడి ఆపెరా థియేటర్లో వయొలిన్ వాయించేవాళ్లలో ఒకడిగా చేరాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. అక్కడ మాథెసన్ అనే స్నేహితుడితో జరిగిన కత్తియుద్ధం సినిమాకి పనికొచ్చేది. 1704 డిసెంబరులో మాథెసన్ రాసిన క్లియోపాత్రా ఆపెరా ఆడుతున్నారు. ఆంటొనీ వేషం కూడా మాథెసన్‌దే. వేషం చచ్చిపోయాక అతను కిందికి దిగి వచ్చి, హార్ప్సికార్డ్ దగ్గరనుంచి లెమ్మన్నాడు. హాండెల్ లేవనన్నాడు. మాటా మాటా పెరిగి ఇద్దరూ బయటి వీధిలో కత్తులు దూశారు. మాథెసన్ కత్తి హాండెల్ కోటు మీది లోహపు గుండీకి తగిలి విరిగింది. గుండీ అరంగుళం పక్కకి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు! ఆ నెల తిరగకుండానే ఇద్దరూ కలిసి భోంచేశారు. మర్నెలలో హాండెల్ మొదటి ఆపెరా ఆల్మీరాలో ముఖ్యపాత్ర పాడింది ఆ మాథెసనే.

ఆ తర్వాత 1706 నుంచి 1710 దాకా ఇటలీ. అక్కడ ఆపెరా అనే పంట ఎలా పండుతుందో చూసి నేర్చుకున్నాడు. 1710లో హానోవర్ ప్రభువు దగ్గర ఆస్థాన సంగీతకారుడిగా ఉద్యోగం దొరికింది. దొరికిన ఏడే సెలవు పెట్టి లండన్ వెళ్లాడు. 1711 ఫిబ్రవరిలో అక్కడ రినాల్డో ఆపెరాతో పేరు మోగిపోయింది. తిరిగి హానోవర్ వెళ్లి, 1712లో మళ్లీ సెలవు మీద లండన్ చేరి, ఇక కదల్లేదు. రాణీ ఆన్ ఏడాదికి 200 పౌండ్ల భరణం కూడా ఏర్పాటు చేసింది. ఇంతలో చరిత్ర వేళాకోళం ఆడింది. 1714లో రాణి పోయింది. ఆమె తర్వాత ఇంగ్లండు గద్దె ఎక్కడానికి వచ్చింది ఎవరనుకున్నారు? హాండెల్ సెలవు పెట్టి ఎగ్గొట్టిన ఆ హానోవర్ ప్రభువే! మొదటి జార్జి రాజయ్యాడు. పారిపోయిన పాలేరు ఊళ్లో ఎదురుపడ్డట్టయింది. కాని కొత్త రాజు పాత కోపం పెట్టుకోలేదు. రాణి ఇచ్చిన భరణానికి మరో 200 పౌండ్లు కలిపాడు. 1717 జూలై 17 రాత్రి థేమ్స్ నది మీద రాజు పడవలో విహరిస్తుంటే, పక్క పడవలో సుమారు యాభైమంది వాద్యగాళ్లు హాండెల్ కట్టిన జలసంగీతం వాయించారు. రాజుకి అది ఎంత నచ్చిందంటే మూడుసార్లు వాయించమన్నాడు.

ఇక మన పాట దగ్గరికి వద్దాం.

1727 ఫిబ్రవరిలో హాండెల్ చట్టరీత్యా బ్రిటిష్ పౌరుడయ్యాడు. జూన్‌లో మొదటి జార్జి చనిపోయాడు. కొడుకు రెండో జార్జి పట్టాభిషేకం అక్టోబరు 11న వెస్ట్‌మినిస్టర్ ఆబేలో. దానికి నాలుగు కీర్తనలు కట్టే పని హాండెల్‌కి అప్పజెప్పారు. చేతిలో ఉన్నది కొద్ది వారాలు. ఏ వాక్యాలకి స్వరం కట్టాలో బిషప్పులు రాసి పంపితే ఆయనకి ఒళ్లు మండిందట. తన బైబిలు తనకి తెలుసుననీ, వాక్యాలు తానే ఎంచుకుంటాననీ కబురు చేశాడట. ఎంచుకున్నవాటిలో ఒకటి మొదటి రాజుల గ్రంథంలోది: యాజకుడైన సాదోకు, ప్రవక్తయైన నాతాను కలిసి సొలొమోనుని రాజుగా అభిషేకించిన ఘట్టం. ఇంగ్లీషులో దాని పేరు జాడొక్ ద ప్రీస్ట్. రాజుకి నూనెతో అభిషేకం చేసే వేళ పాడవలసిన పాట అది.

దాని నిర్మాణం గురించి నాకు అర్థమైనంత చెబుతాను. సంగీతం తెలిసిన పెద్దలు తప్పులుంటే మన్నించాలి. పాట డి మేజర్‌లో ఉంటుంది. అంటే స్వరాలు మన శంకరాభరణం స్వరాలే. ఎత్తుగడలో రాగం అనదగ్గది ఏమీ లేదు. వయొలిన్లు స, గ, ప లాంటి స్వరాలని విడివిడిగా పేర్చి, చిన్న అలల్లా పైకి కిందికి నడుపుతాయి. కింద మిగతా తంత్రులు ఒకే పట్టున దడదడలాడతాయి. అలల ఆకారం మారదు, అడుగునున్న శ్రుతుల కూర్పు మాత్రం మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఇప్పుడు పాడతారు, ఇప్పుడు పాడతారు అనుకుంటాం. పాడరు. మా ఊరి కాలవ లాకుల దగ్గర తలుపులు దించాక నీరు నిశ్శబ్దంగా పెరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. పైకి ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. గట్టు మీద గుర్తు పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. అలా ఒకటిన్నర నిమిషం దాకా నింపి, హాండెల్ ఒక్కసారిగా తలుపులెత్తేస్తాడు. ఏడు పాయలుగా విడిన బృందగానం, బాకాలు, నగారాల్లాంటి టింపనీ డోళ్లు అన్నీ ఒకే క్షణంలో!

సంక్రాంతి సెలవుల్లో దీన్ని మా నాన్నకి ఫోనులో వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఇంగ్లీషు పాట, సాదోకు ఎవరో తెలీదు. అయిపోయాక ఒక్క మాట అన్నాడు. పద్యం ఎత్తుకునే ముందు నటుడు తెర దగ్గర నిలబడి ఉండగా హార్మోనియంతో జనాన్ని ఊరించడం ఒక విద్య అనీ, ఎంతసేపు ఊరించాలో తెలిసినవాడే వాయిద్యగాడనీ, ఈ కట్టినవాడికి అది బాగా తెలుసుననీ అన్నాడు. తర్వాత గొడ్లకి మేత వెయ్యడానికి లేచిపోయాడు. లైబ్రరీలో నేను చదివిన నాలుగు పుస్తకాల సారం ఆ మాటలో ఉంది.

అంత పాటకి తొలి ప్రదర్శన ఎలా జరిగిందో తెలుసా? కంగాళీగా! నలభైమంది దాకా గాయకులు, నూట అరవైమంది వాద్యగాళ్లు అని అప్పటి పత్రికలు రాశాయి. అంతటి భవనంలో, అంత జనంలో, ఒకరికొకరు అందక తడబడ్డారు. గాయకుల అజాగ్రత్తవల్ల ఒక కీర్తన పాడనే లేదనీ, మరొకటి పూర్తిగా గందరగోళమైందనీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం వేక్ తన కార్యక్రమ పత్రం మీద విసుగ్గా రాసుకున్నాడు. అయినా జాడొక్ ద ప్రీస్ట్ అప్పటినుంచి బ్రిటిష్ రాజులూ రాణుల ప్రతి పట్టాభిషేకంలోనూ మోగుతూనే ఉంది.

మరి రాజుల అభిషేకం పాట ఫుట్‌బాల్ మైదానానికి ఎలా వచ్చింది? 1990లో ఇటలీలో ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు జరిగింది. బి.బి.సి. టెలివిజన్ తన ప్రసారాలకి ముందు పుచ్చీని రాసిన తురాందోత్ ఆపెరాలోని ఒక పాటని పవరోటి గొంతులో వినిపించింది. ఆపెరా గడప తొక్కనివాళ్లు కూడా ఆ పాట కూనిరాగం తీశారు. ఆటకి శాస్త్రీయ సంగీతం అతుకుతుందని టెలివిజన్ వాళ్లకీ, ఆటల సంఘాలకీ అప్పుడు గట్టిగా తెలిసివచ్చింది. అంతకు ముందు లేదని కాదు. యూరప్ దేశాల ఉమ్మడి ప్రసారాలకి గుర్తుగా వాడే బాకాల సంగీతం 17వ శతాబ్దపు ఫ్రెంచి సంగీతకర్త షార్పాంతియేది. అమెరికా టెలివిజన్‌లో ఒలింపిక్స్ అనగానే గుర్తొచ్చే బాకా పిలుపు 1958లో లియో ఆర్నో కట్టింది. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌కి జాన్ విలియమ్స్ కొత్తది కట్టాడు. మన ఢిల్లీలో 1982 ఏషియాడ్‌కి స్వాగత గీతానికి స్వరం కట్టింది పండిట్ రవిశంకర్.

1992లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, 1955 నుంచి నడుస్తున్న తన క్లబ్బుల కప్పుకి ఛాంపియన్స్ లీగ్ అని కొత్త పేరు పెట్టింది. దానికో గీతం కావాలని టోనీ బ్రిటెన్ అనే ఇంగ్లీషు సంగీతకర్తని అడిగింది. ఆయన హాండెల్ పాటలోని ఎక్కే వయొలిన్ల ఎత్తుగడని తీసుకున్నాడు. మిగతాది సొంతంగా కట్టాడు. మాటలు యుయెఫా అధికార భాషలైన ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ మూడింట్లోనూ కలిపి ఉంటాయి. వాయించింది రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా, పాడింది అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ గాయక బృందం. బ్రిటెన్ తెలివి ఎక్కడుందంటే, ఆ ఎత్తుగడ చేసే పనిని సరిగ్గా పట్టుకున్నాడు. ఆబేలో రాజు అభిషేకం ముందరి క్షణం ఎలాంటిదో, మైదానంలో ఈల మోగే ముందరి క్షణం అలాంటిది. ఏదో జరగబోతోంది, ఇంకా జరగలేదు. అయితే హాండెల్‌లాగా ఒకటిన్నర నిమిషం ఊరించే తీరిక టెలివిజన్‌కి లేదు. నాలుగు అలలు కాగానే బృందగానం అందుకుంటుంది. నాకు ఆ తొందర ఇప్పటికీ కొరతగానే ఉంటుంది.

ఇక మా మిత్రుడి కాపీ ఆరోపణ. ఇందులో అతను గెలిచాడో నేను గెలిచానో మీరే చెప్పాలి. పరాయివాళ్ల స్వరాలు తీసుకోవడంలో హాండెల్‌ని మించినవాడు లేడు! 1739 నాటి ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్‌లో స్ట్రడెల్లా వంటి ఇటలీ సంగీతకర్తల ముక్కలు ఎన్నో ఉన్నాయి. తన పాత పాటలని తానే విప్పి కొత్తవాటికి కుట్టుకోవడం సరేసరి. ఆ కాలంలో అది మామూలే అని కొందరు వెనకేసుకొస్తారు. ఆ కాలానికి కూడా ఆయన పాలు కాస్త ఎక్కువే అని నాకనిపించింది. విత్తనం పక్క చేలోదే కావచ్చు, కాని తీసుకున్నదాన్ని ఉన్నదున్నట్టు ఉంచినవాడు కాదు. ఈ సంగతి చెబితే మా మిత్రుడు, అయితే దొంగ సొత్తునే ఇంకో దొంగ ఎత్తుకెళ్లాడన్నమాట అని నవ్వాడు. ఆ రాత్రి మ్యాచ్‌కి అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది మాత్రం అతనే.

నన్ను పట్టుకున్నది ఈ కాపీ గొడవ కాదు, ఆ పైన జరిగిన జీవితం. పట్టాభిషేకం నాటికి హాండెల్‌కి నలభై రెండేళ్లు. రాజు అండ, లండన్ బ్రూక్ వీధిలో ఇల్లు, ఆపెరా కంపెనీ. ఇంతకన్నా ఏం కావాలి? మూడు నెలలు దాటాక, 1728 జనవరిలో, లండన్‌లో ద బెగ్గర్స్ ఆపెరా అనే నాటకం వచ్చింది. దొంగలూ, జేబుకత్తెర్లూ పాత్రలు. అందరికీ తెలిసిన వీధి పాటల వరసలు, అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషు మాటలు. జనం అటు విరగబడ్డారు. ఇటాలియన్ భాషలో పాడే హాండెల్ ఆపెరాలు వెలవెలబోయాయి. ఆ ఏడే కంపెనీ మూతపడింది. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. 1733లో ప్రభువర్గంవాళ్లు కొందరు పోటీ కంపెనీ పెట్టి ఆయన గాయకులని లాక్కున్నారు. మళ్లీ నష్టం. 1737లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వాద్యం వాయించే చెయ్యి, స్వరం రాసే చెయ్యి.

జర్మనీలోని ఆహెన్ వేడినీటి బుగ్గలకి వెళ్లాడు. కొన్ని వారాల్లో కోలుకుని వచ్చి మళ్లీ ఆపెరాలే రాశాడు. అవీ ఆడలేదు. మా డెల్టాలో తుఫానుకి వరి పడిపోయిన ఏడు కూడా నీరు తియ్యగానే మినుములు చల్లుతారు. ధైర్యం అనుకుని కాదు, పదును పోతుందని. హాండెల్‌ది కూడా అలాంటి స్వభావమే అని నాకు తోచింది. ఆపెరా పండకపోతే వేషాలూ తెరలూ లేని ఒరాటోరియో వేశాడు. ఇంగ్లీషు మాటల్లో, బైబిలు కథలతో, నిలబడి పాడేది. ఖర్చు తక్కువ.

1741 ఆగస్టు 22న ఒక ఒరాటోరియో రాయడానికి కూర్చున్నాడు. సెప్టెంబరు 14కి లేచాడు. ఇరవై నాలుగు రోజులు! అదే మెసయ్య. మన పట్టణాల్లోని పాత చర్చీల్లో క్రిస్మస్ రోజుల్లో వినపడే హల్లెలూయా బృందగానం అందులోదే. 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిన్ నగరంలో దాన్ని మొదటిసారి వినిపించారు. జనం పట్టరని ముందే తెలిసి, ఆడవాళ్లు వెదురుబుట్టల్లాంటి వెడల్పు గౌన్లు లేకుండా రావాలనీ, మగవాళ్లు కత్తులు ఇంట్లో పెట్టి రావాలనీ పత్రికల్లో విన్నవించారు. ఏడువందలమంది ఇరుక్కుని కూర్చున్నారు. వచ్చిన డబ్బు రెండు ఆస్పత్రులకీ, అప్పు తీర్చలేక జైల్లో పడ్డవాళ్లకీ వెళ్లింది. నూట నలభై రెండుమంది ఖైదీలు విడుదలయ్యారు. అప్పు అనే మాట తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, ఆ నూట నలభై రెండు అంకెని నోట్‌బుక్కులో రెండు గీతలు గీసి రాసుకున్నాను.

తర్వాత లండన్‌లో అనాథ శిశువుల ఆశ్రమానికి ఏటేటా మెసయ్య వినిపించి డబ్బు కూడబెట్టి ఇచ్చాడు. ఒక ఆర్గన్ ఇచ్చాడు. తన వీలునామాలో ఆ గ్రంథం ప్రతిని కూడా ఆ ఆశ్రమానికే రాశాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. మనిషి భారీ విగ్రహం, భోజనప్రియుడు, కోపిష్ఠి. నాలుగు భాషలు కలిపి తిట్టేవాడని ప్రసిద్ధి. పాడనని మొండికేసిన ఒక గాయనిని కిటికీలోంచి విసిరేస్తానని బెదిరించాడని కూడా మెయిన్‌వేరింగ్ పుస్తకంలో ఉంది. ఆ గుణాలన్నిటినీ గొప్పతనం అనుకోమని నేను చెప్పడం లేదు.

1751లో జెఫ్తా ఒరాటోరియో రాస్తూ రాస్తూ ఎడమకన్ను మసకబారిందని, అందుకే ఆపవలసి వచ్చిందని ఆ కాగితం మీదే తేదీ వేసి రాసుకున్నాడు. ఆపిన చోట ఉన్న బృందగానం మానవులకి దైవనిర్ణయాలు ఎంత చీకటిగా ఉంటాయో చెప్పేది. పది రోజులకి మళ్లీ కూర్చుని పూర్తి చేశాడు. 1752లో కంటికి శస్త్రచికిత్స జరిగింది. నిలవలేదు. 1753కి చూపు పూర్తిగా పోయింది. ఆ రోజుల్లో శుక్లానికి చేసే చికిత్స, మసకబారిన కటకాన్ని సూదితో పొడిచి కంటిలోపలే పక్కకి తొయ్యడం. మత్తు లేదు. సూక్ష్మజీవి అనే మాటే తెలియదు. మా నాయనమ్మకి శుక్లాల ఆపరేషన్ చేయించినప్పుడు పావుగంటలో బయటికి తీసుకొచ్చారు. సాయంత్రానికి నల్లకళ్లద్దాలు పెట్టుకుని కాఫీ అడిగింది. 1758లో హాండెల్ కళ్లు జాన్ టేలర్ చేతిలో పడ్డాయి. ఊరూరా గుర్రబ్బండిలో తిరుగుతూ తనని తాను పొగుడుకునే కంటివైద్యుడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు లైప్‌జిగ్‌లో ఈ టేలరే ఇంకో ముసలి సంగీతకర్త కళ్లని పొడిచాడు. ఆయనా చూపు పోయి, నాలుగు నెలల్లోపే కన్నుమూశాడు. ఆయన పేరు బాఖ్. ఇద్దరూ 1685లోనే, ఒకరికొకరు దగ్గరి ఊళ్లలోనే పుట్టారు. జీవితంలో ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఇద్దరినీ కలిపింది ఆ టేలరు సూదే.

చూపు పోయాక కూడా హాండెల్ కచేరీలు మానలేదు. ఒరాటోరియోల మధ్య ఆయనని చెయ్యి పట్టుకుని ఆర్గన్ దగ్గరికి తీసుకొచ్చేవారు. జ్ఞాపకం ఉన్నంతా జ్ఞాపకం మీద, లేనిచోట అప్పటికప్పుడు కల్పించి వాయించేవాడు. 1759 ఏప్రిల్ 6న లండన్‌లో మెసయ్యకి హాజరయ్యాడు. ఎనిమిది రోజులకి, 14వ తేదీన పోయాడు. సుమారు మూడువేలమంది వెంట రాగా వెస్ట్‌మినిస్టర్ ఆబేలోనే, దక్షిణపు నడవలో, పూడ్చారు. పైన చెక్కించిన రాతి మీద పుట్టిన ఏడు 1684 అని ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చిలో మొదలయ్యేది కనుక, ఫిబ్రవరిలో పుట్టినవాడు పాత లెక్కలో పడిపోయాడు.

2023 మే 6న అదే ఆబేలో మూడో ఛార్లెస్‌కి పట్టాభిషేకం జరిగింది. ఆ రోజు శనివారం. ల్యాబ్ అయిపోయి, మెస్‌లో కంచం ముందు పెట్టుకుని ఫోనులో ప్రసారం చూశాను. అభిషేకం చేసే చోటికి హాండెల్ సమాధి ఎంతో దూరం కాదు, కొద్ది అడుగులే. వయొలిన్లు మొదలయ్యాయి. పక్కన కూర్చున్నవాడు తల తిప్పి, ఇవాళ మ్యాచ్ ఎవరెవరికి అని అడిగాడు. ఆగమని చేత్తో సైగ చేశాను. ఈసారి కంగాళీ ఏమీ జరగలేదు. అందరూ ఒక్కసారే అందుకున్నారు.